ఏడాది గడువు పెట్టిన పేజీ

వంతెన మీదుగా నీళ్ళు పారిన ఏడాది సంగతి ఇది. అంతకు ముందొచ్చిన వరదలన్నీ మర్యాదగా వంతెన కిందనుంచే పోయాయి. ఆ ఏడు వచ్చింది మాత్రం పైనుంచి పోయింది. పోతూ పోతూ ఇంటింటా బురద వదిలి పోయింది. నీళ్ళు తోడే మోటార్లన్నీ ఆ బురదలో కూరుకుపోయాయి. నీళ్ళు తగ్గీ తగ్గగానే జనం వాటిని బండ్ల మీదా భుజాల మీదా వేసుకుని మోటార్లు బాగుచేసే దుకాణానికి రావడం మొదలుపెట్టారు. దుకాణం ఎత్తు మీద ఉంది కనుక బతికిపోయింది.

ముందు గది దుకాణం. మధ్యలో రెండు గదులు కాపురం. వెనక పెరడు. దుకాణదారు మోటారు మూత విప్పి లోపలికి ఓ చూపు చూసి, "బురద పట్టింది, వెనక్కి పంపండి" అనేవాడు. వెనక్కి అంటే పెరట్లోకి. పెరట్లో అతని తల్లీ, అతని భార్యా ఉంటారు. మోటారుని కుళాయి కింద పెట్టి మంచినీళ్ళతో కడగాలి. మూతి కిందకి ఉంచి కడగాలి, లేకపోతే బురద ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది. తీగచుట్టకి బ్రష్షు తగలకూడదు, పూత లేచిపోతుంది. కడిగాక ఎండలో పడెయ్యకూడదు. ముందు నీడలో గాలికి ఆరాలి, ఆ తర్వాత బల్బు కింద సన్నని వేడికి ఆరాలి. తొందరపడితే పైపైన ఆరుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, కరెంటు పెట్టగానే మాడి కూర్చుంటుంది. మీటరు పెట్టి చూడటం, తీగ చుట్టడం, బిగించడం దుకాణదారు పని. కడగడం, ఆరబెట్టడం ఆడవాళ్ళ పని. ఎవరూ అలా పంచిపెట్టలేదు. బట్టలు ఉతికి ఆరేసే చేతులకి మోటార్లొక లెక్కా అని, ఎప్పుడో మామగారి కాలంలోనే అలా జరిగిపోయింది.

ఆ వరద వారంలో కోడలి చేతివేళ్ళు ఒరుసుకుపోయాయి. గోళ్ళ సందుల్లో బురద పోలేదు. ఒక సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైంది. "రోజంతా ఇంట్లోనే ఉంటారుగా, ఉప్పు చూసుకోలేరా?" అన్నాడు మొగుడు. ఇంట్లోనే లేం, పెరట్లో ఉన్నాం, మోటార్లు కడుగుతున్నాం అంది కోడలు. "ఆఁ, కడిగి ఆరబెట్టడమేగా" అన్నాడతను. కసిరి అనలేదు. నవ్వుతూనే అన్నాడు. అదే వచ్చిన చిక్కు. కసిరితే ఏడవొచ్చు, పోట్లాడొచ్చు. నవ్వుతూ అన్న మాటని ఏం చేసుకోవాలి? ఆమె కంచం తీసి కడిగింది. కంచం కడుగుతూ, ఇదీ కడిగి ఆరబెట్టడమేగా అనుకుంది. గిన్నెలు, బట్టలు, పిల్లలు లేరు కానీ ఉంటే పిల్లలు, మోటార్లు. తన బతుకులో సగం కడగడం, సగం ఆరబెట్టడం. చేసినంతసేపూ పనిలాగే ఉంటుంది. అయిపోయాక చూస్తే అక్కడ ఏమీ ఉండదు, శుభ్రంగా ఉంటుంది. శుభ్రాన్ని ఎవరు చూస్తారు? మురికి ఉంటేనే కదా కళ్ళు పడేది.

దుకాణానికి ఒక బ్లాగు ఉండేది. మొగుడి స్నేహితుడొకడు, ఈ రోజుల్లో దుకాణం అన్నాక ఇంటర్నెట్టులో ఒక పేజీ ఉండాలని బలవంతం చేసి పెట్టించాడు. పెట్టిన వారానికే మొగుడికి విసుగొచ్చింది. "ఇవన్నీ నాకు పడవు. నువ్వు పెళ్ళికి ముందు కంప్యూటర్ల దగ్గర పనిచేశావుగా, ఖాళీగా ఉన్నప్పుడు చూసుకో" అన్నాడు. ఖాళీ అన్న మాట ఆ ఇంట్లో ఆమె ఒక్కదాని విషయంలోనే వాడేవారు. ఆమె చూసుకునేది. చూసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. దుకాణం ఫలానా రోజు తెరవబడదు, ఫలానా రకం మోటారుకి విడిభాగాలు వచ్చాయి, అంతే. కొత్త రాత ఎక్కి ఆరేడు నెలలు గడిచిపోయేవి. ఏ రాత ఎక్కినా కింద మాత్రం 'రాసినవారు' అని మొగుడి పేరు దానంతటదే వచ్చి పడేది. స్నేహితుడు మొదట్లో అలా అమర్చిపెట్టాడు. ఆమె ఆ సంగతి పట్టించుకోలేదు. సెలవు చీటీ కింద ఎవరి పేరుంటే ఏంటి?

వరద వారంలో దుకాణం ముందు మోటార్లు గుట్ట పడ్డాయి. అందరివీ చెయ్యడం వీళ్ళ తరం కాదు. వెనక్కి పంపేసిన వాళ్ళ మొహాలు చూడలేక, కోడలు ఓ మధ్యాహ్నం స్టవ్వు మీద గిన్నె పెట్టి, పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని, 'నీళ్ళు దూరిన మోటారుని ఇంట్లోనే కడిగి ఆరబెట్టుకోవడం ఎలా' అని రాసింది. ఎలా కడగాలి, ఎటు పెట్టాలి, ఎక్కడ ఆరబెట్టాలి, తడి పోయిందని చేత్తో ఎలా తెలుసుకోవాలి, ఎప్పటిదాకా కరెంటు పెట్టకూడదు. చివర్లో, ఆరాక కూడా ఎవరైనా తెలిసినవాళ్ళు మీటరు పెట్టి చూశాకే కరెంటు పెట్టండి అని రాసింది. గిన్నె అడుగంటింది. రాత మాత్రం బాగా కుదిరింది.

అది ఫోను ఫోనుకీ పాకింది. వరద ఒక్క ఊరికే రాలేదు కదా. ఏటి పొడుగునా మునిగినవాళ్ళందరికీ అదే కావలసి వచ్చింది. మూడోరోజుకి పేజీ చతికిలపడింది. ఎవరు తెరిచినా తిరుగుతూనే ఉంది. బ్లాగుకి చోటిచ్చిన ఆఫీసుకి ఫోను చేసింది కోడలు. అవతల ఒకావిడ ఎత్తి, దుకాణం పేరు వినగానే అడిగింది.

"సార్ ఉన్నారా అండీ?"

"సార్ లేరు. నాతో చెప్పండి, నేనే చూస్తాను."

"కొంచెం టెక్నికల్ విషయం మేడమ్..."

"పరవాలేదు. కొంచెం టెక్నికల్‌గానే వింటాను."

అవతలావిడ నవ్వేసింది. ఆ తర్వాత ఇద్దరూ బాగానే మాట్లాడుకున్నారు. సంగతేంటంటే, చదివినవాళ్ళే మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నారు. ఒక ముక్క చదివి మోటారు కడుగుతారు, తర్వాత ఏం చెయ్యాలో చూడ్డానికి మళ్ళీ తెరుస్తారు. తెరిచిన ప్రతిసారీ ఫోను వచ్చి ఆ చిన్న సర్వర్ తలుపు కొడుతోంది. "మీరు క్యాషుకి, అంటే ఫోను దాచుకునే నకలుకి, గడువు పెట్టలేదు మేడమ్. గడువు పెడితే, ఒకసారి చూసిన పేజీ నకలుని ఫోను తన దగ్గరే దాచుకుంటుంది. గడువు తీరేదాకా మళ్ళీ మిమ్మల్ని అడగదు. దాచుకున్నదే చూపిస్తుంది. మీ బ్లాగు ఎన్నాళ్ళకోసారి మారుతుంది?"

కోడలు ఆ మాట మొగుణ్ణి అడిగింది. ఆమె మనసులో వారం రోజులు అనుకుంది. అయినా అడిగింది. అడగడం అలవాటు. కూర ఏం చెయ్యమంటారు, తలుపు వెయ్యమంటారా, గడువు ఎంత పెట్టమంటారు.

అతను మోటారులోంచి తల ఎత్తలేదు. "అది ఎప్పుడు మారి చచ్చింది గనక? ఏడాది పెట్టెయ్."

"మధ్యలో ఏదైనా దిద్దాలంటే..."

"దిద్దడానికి అందులో ఏముందోయ్? ఏడాది పెట్టెయ్, పీడా పోతుంది."

గడువు సెకన్లలో రాయాలి. ఏడాదికి ఎన్ని సెకన్లో లెక్కకట్టి ఆ ఎనిమిది అంకెలూ గడిలో కొట్టింది. సాయంత్రానికి పేజీ లేచి నిలబడింది. ఆమె మళ్ళీ కుళాయి దగ్గరికి పోయింది.

తర్వాత పేపరువాళ్ళు వచ్చారు. ఏటి పొడుగునా ఇన్ని మోటార్లు బతికించిన మనిషెవరో చూద్దామని వచ్చారు. మొగుడు చొక్కా మార్చుకున్నాడు. పెరట్లో బల్బుల కింద వరసగా ఆరుతున్న మోటార్ల మధ్య అతన్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. ఫొటో తీసేవాడు, "అమ్మా, మీరు కొంచెం పక్కకి జరుగుతారా? మోటార్లకి అడ్డొస్తున్నారు" అన్నాడు. కుళాయి దగ్గరున్న అత్తగారూ కోడలూ లేచి పక్కకి జరిగారు. కోడలు టీ పెట్టడానికి లోపలికి పోయింది. టీ కప్పులు తెస్తుంటే, ఈ రాత ఆలోచన మీకెలా వచ్చిందండీ అని ఎవరో అడగడమూ, మొగుడు గొంతు సవరించుకోవడమూ వినిపించింది.

"ఏదో, నాకు తోచింది రాశాను. నలుగురికీ పనికొస్తే అంతే చాలు."

కప్పులు చేతిలో ఉన్నాయి కనుక వాటిని ఇచ్చింది. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగింది. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో 'మోటార్ల డాక్టరు' అని వేశారు. వీధిలో అందరూ అతన్ని అలాగే పిలవడం మొదలెట్టారు. ఆమెని చూసి, "డాక్టరుగారి భార్య" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూ, అతను అబద్ధం ఆడాడా అని ఆలోచించేది. ఆడలేదేమో. నిజంగానే తనకి తోచిందనే అనుకుంటున్నాడేమో. ఆమె వండిన కూర పొగిడితే "మా ఇంట్లో కూర అంటే అంతేనండి" అనేవాడు. ఆమె సర్ది పెట్టిన లెక్కలు చూసి ఎవరైనా మెచ్చుకుంటే "దుకాణం అన్నాక పద్ధతుండాలి కదా" అనేవాడు. ఇల్లు వండుతుంది. దుకాణం సర్దుకుంటుంది. పేజీ రాసుకుంటుంది. వాటన్నిటి వెనకా ఒక మనిషి ఉందని అతనికి తట్టదు. మనిషి చెడ్డవాడైతే బావుణ్ణు అనిపించేది ఒక్కోసారి. చెడ్డవాణ్ణి ద్వేషించడం తేలిక. ఇతను జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తాడు. తడిగుడ్డ మళ్ళీ ఉతికేది మాత్రం ఆమే.

పేపరొచ్చిన పది పన్నెండు రోజులకి, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. 'రాసినవారు' అన్నచోట మొగుడి పేరు చెరిపింది. తన పేరు రాసింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ రెండూ పక్కపక్కన కనపడ్డాయి. బొత్తాం నొక్కి, తేలు కుట్టిన దొంగలా ల్యాప్‌టాప్ మూసేసి, పోయి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

ఆ సాయంత్రం ఏమవుతుందోనని భయపడింది. ఏమీ కాలేదు. మర్నాడు భయపడింది. మర్నాడూ ఏమీ కాలేదు. మొగుడి ఫోనులో ఆ పేజీ ఎప్పుడూ చేతికందేలా ఉండేది. వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. ఆమె తలుపు వెనక నిలబడి వింది. "ఇదిగో, మొత్తం ఇందులో ఉంది. చూడండి, ఎంత వివరంగా ఉందో!" అంటూ ఫోను వాళ్ళ మొహాల ముందు పెడుతున్నాడు. తన పేరున్న పేజీని. గొంతులో అదే గర్వం. కాస్త కూడా తగ్గలేదు.

ఆమె ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చూశాడన్నమాట. చూసి కూడా కిమ్మనకుండా ఊరుకున్నాడన్నమాట. ఊరుకోవడం కాదు, పదిమందికీ చూపిస్తున్నాడు. ఎంత తప్పుగా అనుకుంది ఇన్నాళ్ళూ! మాట రాని మనుషులు కొందరు ఉంటారు, సరే అన్నది కూడా నోటితో చెప్పలేరు, ఇలా చేసి చూపిస్తారు అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె ఒక్కొక్కటే క్షమించడం మొదలుపెట్టింది. 'మా ఆవిడ ఖాళీయే' అన్నది క్షమించింది. 'నీకు తెలీదులే, ఊరుకో' అన్నవి ఎన్నో ఉన్నాయి, వాటన్నిటినీ మూటకట్టి ఒకేసారి క్షమించేసింది. చుట్టాల ముందు 'పొద్దున్నించీ ఫోను పట్టుకుని కూర్చుంటుంది' అన్నది కొంచెం గట్టిది, దానికి రెండ్రోజులు పట్టింది. అడగకుండానే అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. పాట కూనిరాగం తీసింది. అత్తగారు ఒకసారి ఆగి ఆమె మొహంలోకి చూసి, "ఏంటే అమ్మాయ్, గాల్లో తేలిపోతున్నావ్?" అంది. ఏం లేదత్తయ్యా అంది కోడలు.

ఆ రోజుల్లోనే ఎక్కడో దూరాన్నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆమె పేరు పెట్టి, చివర 'గారికి' అని చేర్చి వచ్చింది. 'మా ఆయన ఊళ్ళో లేరు. మీ పేరు చూసి, ఆడమనిషి రాసింది, ఆడమనిషి చేసే ఉంటుంది అని ధైర్యం చేశాను. మీరు చెప్పినట్టే ఆరబెట్టి, మీటరు పెట్టించి చూశాను. మోటారు తిరిగింది. నీళ్ళు పైకెక్కాయి.' అంతే రాసింది ఆవిడ. కోడలు దాన్ని నాలుగుసార్లు చదివింది. వెనక పెరట్లో నిజంగా నీళ్ళు పైకెక్కిన చప్పుడు విన్నట్టే అయింది.

వరద గొడవ సద్దుమణిగాక పెద్దాడపడుచు తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చింది. ఆవిడది పెద్ద గొంతు, పెద్ద మనసు, దాచుకోవడం తెలీని నోరు. అంతకు ముందు వారమే కొత్త ఫోను కొనుక్కుంది. భోజనాలయ్యాక మొగుడు తన ఫోను తీసి, "అక్కా, నువ్వింకా చూడలేదుగా, పేపర్లో వేసింది దీని గురించే" అని ముందుపెట్టాడు.

"నీ ఫోనులో నాకెందుకురా, నా దాంట్లో పెట్టు. కొత్తది, అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి."

తనే తెరిచింది. కళ్ళజోడు సవరించుకుంది. పెదాలు కదిలిస్తూ చివరిదాకా చదివింది. ఆఖర్న ఆగింది. తమ్ముడి ఫోను లాక్కుని పక్కన పెట్టుకుంది. ఇటు చూసింది, అటు చూసింది.

"ఒరే తమ్ముడూ, నీ దాంట్లో నీ పేరుంది. నా దాంట్లో మీ ఆవిడ పేరుందిరా."

"ఏదీ?"

"ఇదిగో. ముత్యాల్లా కనిపిస్తాయని చెప్పాగా."

రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. ఒకటే పేజీ, ఒకటే రాత. పేర్లు వేరు. కోడలికి ఒక్కసారిగా అర్థమైంది. ఏడాది గడువు! పెట్టింది తనే. కడిగిన గిన్నె సంగతి మర్చిపోయినట్టే దాన్నీ మర్చిపోయింది. పేరు మార్చకముందే అతని ఫోను నకలు దాచుకుంది. అతను రోజూ తెరిచింది ఆ నకలే. పదిమందికీ చూపించింది ఆ నకలే. ఇన్నాళ్ళూ అతను ఆమె పేరు చూడనే లేదు. చూసి ఒప్పుకున్నాడనుకుని ఆమె క్షమించిందంతా దండగ. ఇస్త్రీ కూడా దండగ.

"ఏదో తప్పు పడినట్టుంది. సరిచెయ్" అన్నాడు మొగుడు, ఆమె వైపు చూడకుండా.

"తప్పు కాదండీ. నేనే మార్చాను."

అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని తన అరిచేతులు చూసుకుంటోంది.

"నువ్వు మార్చావా? ఎందుకు?"

"రాసింది నేను కనుక."

"రాస్తే? మోటార్ల డాక్టరని పేపర్లో వేశారు నన్ను. ఇప్పుడు పెళ్ళాం రాసిందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పేపర్లో ఉందిగా, ఇంకెక్కడ పెట్టుకుంటావ్?" అంది ఆడపడుచు. "అయినా ఒరే, బళ్ళో సెలవు చీటీ రాయమని నన్ను బతిమాలేవాడివి. ఇంత పొడుగు రాశావనగానే నాకు అనుమానమొచ్చింది."

"అక్కా, నువ్వుండు." అతను భార్య వైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గించాడు, బుజ్జగిస్తున్నట్టు. "ఇదిగో చూడు. మన ఇద్దరిలో నీదేంటి, నాదేంటి? ఇద్దరం ఒకటే కదా."

"ఒకటే అయితే, నా పేరుంటే మీకేం ఇబ్బంది?"

ఆమెకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వణకలేదు. ఆరేడేళ్ళుగా మనసులో తిప్పుకున్న జవాబులు ఎన్నో ఉన్నాయి, పెద్దవి, పదునైనవి. తీరా సమయానికి వచ్చింది ఇంత చిన్నది. చాలనిపించింది.

"అదంతా నాకు తెలీదు. రేపు పొద్దుటికల్లా నా పేరు పెట్టెయ్."

"పెట్టినా లాభం లేదండీ" అంది ఆమె. వెక్కిరింతగా కాదు, ఉన్నది చెబుతున్నట్టు చెప్పింది. "ఈ మధ్య కొత్తగా చూసిన వాళ్ళందరి ఫోన్లలో నా పేరే నకలై ఉంది. ఏడాది దాకా అలాగే ఉంటుంది. ఇక్కణ్ణుంచి మనం చెరపలేం. ఎవరికి వాళ్ళు పేజీని వేలితో కిందకి లాగి మళ్ళీ తెప్పించుకుంటే తప్ప కొత్తది రాదు. మధ్యలో దిద్దాల్సి వస్తే ఎలా అని ఆ రోజే అడిగాను. ఏడాది పెట్టెయ్ అన్నది మీరే."

ఆడపడుచు ముందు పెదవి బిగబట్టింది, తర్వాత ఆగలేక పకపకా నవ్వింది. "ఏడాది పెట్టెయ్ అన్నాడా! ఓరి నీ..." అతను లేచి దుకాణంలోకి వెళ్ళిపోయాడు. అవసరం లేకపోయినా సుత్తి చప్పుడు చాలాసేపు వినిపించింది.

"లాభం ఉన్నా పెట్టను" అంది కోడలు, ఖాళీ గుమ్మం వైపు చూస్తూ. అతనికి వినపడిందో లేదో. ఆమెకి వినపడింది.

పొద్దు వాలుతుండగా ఆడపడుచు వెళ్ళిపోయింది. కోడలు పెరట్లోకి వచ్చింది. ఆఖరి మోటార్లు నాలుగైదు బల్బుల కింద ఉన్నాయి. అత్తగారు వాటి పక్కన చతికిలబడి ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం తిప్పి పెడుతోంది, వేడి అన్ని వైపులా తగలాలి కదా. కోడలు ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు ఈవిడ మొదలెడుతుంది అనుకుంది. మగాడి పరువు తీశావు, పేరు పెట్టుకుంటే కడుపు నిండుతుందా, మా రోజుల్లో... జవాబులు సిద్ధం చేసుకుంది. ఇవాళ ఎంతమందికైనా చెప్పగలననిపించింది.

"అయితే నీ పేరు ఉందన్నమాట" అంది అత్తగారు.

"ఉంది అత్తయ్యా."

"మంచిదే." మోటారు తిప్పింది. "మూతి కిందకి పెట్టి కడగాలని రాశావా?"

"రాశాను."

"బ్రష్షు తగలకూడదని?"

"రాశాను."

"చిటికెన వేలు తీగల మధ్య పెట్టి చూడాలని, చల్లగా తగిలితే తడి ఉన్నట్టేనని?"

"అదీ రాశానత్తయ్యా."

"బాగా గుర్తుపెట్టుకున్నావ్" అంది అత్తగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు వెతికింది కోడలు. కనపడలేదు. ఎత్తిపొడుపు ఉంటే బావుణ్ణు అనిపించింది.

అత్తగారు లేచి లోపలికి పోయింది. కోడలు అక్కడే కూర్చుండిపోయింది. సిద్ధం చేసుకున్న జవాబులన్నీ ఎటు పోయాయో పోయాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ కుళాయి దగ్గరే ఈవిడ తన చెయ్యి పట్టుకుని చిటికెన వేలు తీగల్లో పెట్టించింది. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా అని అడిగింది. తెలీడం లేదు అంటే, తెలుస్తుందిలే, వేలికి మాటలు రావడానికి టైము పడుతుంది అంది. పనిమనిషి దొరికిందని ఈవిడ మురిసిపోతోంది అని అప్పుడు తను అనుకుంది. మరి ఈవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. ఎన్ని మోటార్లు మాడాయో, ఎన్ని మాటలు పడిందో, అలా తెలుసుకుని ఉంటుంది. మామగారు ఉన్నన్నాళ్ళూ ఊరు ఊరంతా ఆయన్నే పొగిడింది, ఆరబెడితే ఆయనే ఆరబెట్టాలి అని. పేపరువాడు అమ్మా పక్కకి జరగండి అన్నప్పుడు లేచింది ఇద్దరు. తన కళ్ళకి ఒక్కరే కనపడ్డారు. ఏదో నాకు తోచింది రాశాను అన్నాడని మొగుడి మీద మండిపడింది. తనకి తోచింది మాత్రం ఎంత? రాత తనది. రాసిన విషయం అటూ ఇటూగా ఈ ముసలావిడ చిటికెన వేలిది.

సిగ్గేసింది. సిగ్గుతోపాటే, ఎందుకో, ఒళ్ళు తేలికపడింది కూడా. ఒక్క పేరు కోసమైతే అది మొగుడితో పోట్లాట. రెండు పేర్లైతే అది నిజం. నిజానికి ఇంట్లో కాస్త ఎక్కువ చోటు కావాలి, అంతే.

మర్నాడు పొద్దున్న ఆమె టీ పెట్టలేదు. ల్యాప్‌టాప్ తీసుకుని పెరట్లోకి వచ్చి కుళాయి గట్టు మీద కూర్చుంది. ముందు గడువు గడి తెరిచింది. ఆ ఎనిమిది అంకెలూ చెరిపి ఒక్క గంట పెట్టింది. ఈ పేజీ ఇక మారుతూ ఉంటుంది. ఎంత పెట్టమంటారు అని ఈసారి ఎవర్నీ అడగలేదు. ఇప్పటికే చూసేసిన వాళ్ళకి ఏ పేరు పడిందో అదే. ఇంకా చూడాల్సిన వాళ్ళు చాలామంది ఉన్నారు.

లోపల్నుంచి మొగుడు, "టీ ఏదీ?" అని కేక వేశాడు.

"పాలు స్టవ్వు పక్కనే ఉన్నాయండీ" అంది. గిన్నె చప్పుడు కోసం చెవి పెట్టింది. తర్వాత, చాలా మొరటుగా, ఒక గిన్నె దిగిన చప్పుడు వినిపించింది.

అత్తగారు మొహం కడుక్కోవడానికి వచ్చింది.

"అత్తయ్యా, మీ పేరు చెప్పండి. మొత్తం. పెళ్ళికి ముందుది."

"నా పేరా? ఇప్పుడు దాంతో ఏం పనే?"

"పని ఉంది. చెప్పండి."

ముసలావిడ చెయ్యి తుడుచుకుంది. ఆవిణ్ణి అమ్మా అనేవారు, అత్తయ్యా అనేవారు, దుకాణం పెద్దావిడ అనేవారు. పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. చెప్పేముందు గుర్తు చేసుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెప్పింది. నెమ్మదిగా, మొత్తం చెప్పింది. కోడలు తన పేరుకి పైన ఆ పేరు కొట్టింది.

అత్తగారు వంగి, కళ్ళు చికిలించి, ఆ తెరలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"పెద్ద అక్షరాలతో పెట్టవే" అంది. "సన్నవి నాకు ఆనవు."